తెలిసిన లెక్కే హాల్లో ఎందుకు తప్పుతుంది?

క్లుప్తంగా: పరీక్ష హాల్లో టెన్షన్ పడినంత మాత్రాన చదివింది మెదడులోంచి చెరిగిపోదు. అప్పటికప్పుడు లెక్కను నడిపించే చిన్న జాగా ఒకటి ఉంటుంది, దాన్నే వర్కింగ్ మెమరీ అంటారు. భయం వచ్చి ఆ జాగాలో కూర్చుంటుంది. ఆ జాగా మీద ఎక్కువగా ఆధారపడేవాళ్లకు, అంటే చాలాసార్లు బాగా చదివేవాళ్లకే, దెబ్బ గట్టిగా తగులుతుంది. ధైర్యం చెప్పడం కంటే ఆ జాగా మీద బరువు తగ్గించే సాధనే ఎక్కువ పనికొస్తుంది.

ఏటా ఎంట్రన్స్ పరీక్షల ఫలితాలు రాగానే అనంతపురంలో చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. "మాక్ టెస్టుల్లో బాగానే చేసినాడు కదా, అసలు పరీక్షలో ఏమైంది?" దానికి ఇంట్లో దొరికే జవాబులు రెండే. సరిగ్గా చదవలేదని ఒకటి, ధైర్యం చాలలేదని ఇంకొకటి. రెండూ పిల్లల మీద నేరం మోపేవే. గత యాభై ఏళ్లుగా మెదడు పనితీరు మీద జరిగిన పరిశోధన ఇంకో జవాబు చెబుతోంది. అది నింద వేయదు, ఓదార్పు కూడా ఇవ్వదు. ఆ నిమిషంలో ఏం జరిగిందో మాత్రం చూపిస్తుంది.

## ఒక లెక్కను దగ్గర్నుంచి చూస్తే

ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర దక్కుతుంది. అందులో లెక్కల ప్రశ్నలే 80. వాటిలో ఇలాంటిది ఒకటి వచ్చిందనుకుందాం: ఒక వర్గ సమీకరణం మూలాల మొత్తం 7, లబ్ధం 10. ఆ మూలాల ఘనాల మొత్తం ఎంత?

ఇంటర్లో ఎంపీసీ చదివిన ఎవరికైనా దారి తెలుసు. మొత్తాన్ని ఘనం చేసి, అందులోంచి మొత్తం, లబ్ధం, మూడు కలిపి గుణించింది తీసేయాలి. 7 ఘనం 343. దాన్ని మనసులో ఒక పక్కన పెట్టుకోవాలి. మూడు పదులు ముప్పై, ముప్పైని ఏడుతో గుణిస్తే 210. ఇప్పుడు పక్కన పెట్టిన 343ను వెనక్కి తెచ్చి 210 తీసేస్తే 133.

ఇంట్లో చాప మీద కూర్చుని చేస్తే అర నిమిషం కూడా పట్టదు. హాల్లో అదే లెక్క చేస్తున్నప్పుడు స్క్రీన్ మూలన టైమర్ తిరుగుతూ ఉంటుంది. 210 దగ్గరికి వచ్చేసరికి "ఇంకా అరవై ప్రశ్నలున్నాయి" అనే ఆలోచన తగులుతుంది. ఆ క్షణంలోనే పక్కన పెట్టిన 343 జారిపోతుంది. లేదా 343 ఉంటుంది, తీసేయాలా కలపాలా అన్నది జారిపోతుంది. కలిపితే 553. పిల్లలు ఎక్కడ జారతారో పేపర్ తయారుచేసేవాళ్లకు తెలుసు కాబట్టి ఆప్షన్లలో 553 కూడా ఉండే అవకాశం ఎక్కువ. అది కంటపడగానే జవాబు వచ్చేసిందన్న నమ్మకం కుదురుతుంది, క్లిక్ పడిపోతుంది.

ఇక్కడ సూత్రం మరిచిపోలేదు, గుణకారం రాకపోలేదు. బయటికొచ్చి బస్టాండు చేరేలోపే ఆ విద్యార్థికి తన తప్పు తనకే తెలిసిపోతుంది. చదవనివాళ్లకు అలా తెలియదు. చదువు లోపల భద్రంగానే ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రఫ్ పేపర్ ఇస్తారు కదా అని అడగొచ్చు. ఇస్తారు. కానీ కాగితం మోసేది రాసిన అంకెలను మాత్రమే. ఏ పద్ధతి ఎంచుకోవాలి, ఎంతవరకు వచ్చాం, గుర్తు ప్లస్సా మైనస్సా, ఈ ప్రశ్నను వదిలేసి ముందుకు పోవాలా అన్నవి తలలోనే తిరుగుతుంటాయి. పైగా లెక్క బాగా వచ్చినవాళ్లే కాగితం తక్కువ వాడతారు.

## పలక చిన్నది

దీర్ఘకాల జ్ఞాపకం బీరువా లాంటిదైతే వర్కింగ్ మెమరీ పలక లాంటిది. మార్కాపురం పలక మీద బలపంతో రాసుకుంటూ, తుడుచుకుంటూ పిల్లలు లెక్క చేసినట్టే మెదడు కూడా కొన్ని సంగతులను కాసేపు ముందు పెట్టుకుని వాటితో పని చేస్తుంది. బీరువాలో ఎంత సరుకున్నా వాడాలంటే పలక మీదికి తేవాల్సిందే. పలక మాత్రం చాలా చిన్నది.

ఎంత చిన్నదో కొలవాలని చాలామంది ప్రయత్నించారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ఏడు సంగతులు, అటూ ఇటూ రెండు అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను సరిచేశాడు. మనసులో వల్లెవేసుకోవడం, గుంపులు కట్టుకోవడం వంటి సహాయాలు తీసేస్తే నికరంగా నిలిచేవి నాలుగేనని తేల్చాడు. పై లెక్కలో 343, 210, మూడు రెట్లు, తీసివేత అనే నాలుగింటితోనే పలక నిండిపోయింది.

1974లో బ్రిటన్‌కు చెందిన అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ ఈ పలకను ఇంకాస్త వివరంగా గీశారు. వాళ్ల లెక్క ప్రకారం అందులో మాటలను వినిపించుకునే భాగం ఒకటి, బొమ్మలను, జాగాలను పట్టుకునే భాగం ఇంకొకటి, ఈ రెండింటినీ నడిపిస్తూ దృష్టి ఎటు పెట్టాలో నిర్ణయించే పెద్ద భాగం మరొకటి. మాటల భాగం ఒక చిన్న టేపు లాంటిది. సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంత మాటే అందులో నిలుస్తుంది. ఆపై వల్లెవేసుకుంటేనే ఉంటుంది, ఆపితే పోతుంది.

ఈ రెండు సెకన్ల సంగతి తెలుగువాళ్ల రోజువారీ అలవాటు ఒకదాన్ని విప్పి చెబుతుంది. ఇంగ్లిష్ అంతగా రానివాళ్లు కూడా ఫోన్ నంబరు చెప్పేటప్పుడు "నైన్ ఎయిట్ ఫోర్" అనే అంటారు. "తొమ్మిది ఎనిమిది నాలుగు" అంటే పది అక్షరాలు పలకాలి. ఇంగ్లిష్‌లో మూడు పలుకులతో అయిపోతుంది. పొట్టి మాటలైతే అదే టేపులో ఎక్కువ అంకెలు పడతాయి. 1980లో వేల్స్‌లో జరిగిన ఒక పరిశోధనలో ఇదే బయటపడింది. వెల్ష్, ఇంగ్లిష్ రెండూ వచ్చినవాళ్లు పలకడానికి ఎక్కువ సమయం పట్టే వెల్ష్ అంకెల్లో తక్కువ, ఇంగ్లిష్ అంకెల్లో ఎక్కువ గుర్తుపెట్టుకోగలిగారు. మనుషులు వాళ్లే, తెలివీ అదే. మారింది టేపు మీద పడిన బరువు.

## టెన్షన్‌కూ అదే జాగా కావాలి

భయం అంటే గుండె దడ, చేతుల చెమట మాత్రమే కాదు. భయం మాట్లాడుతుంది. "సీటు రాకపోతే నాన్నకు ఏం చెప్పాలి", "పక్కవాడు అప్పుడే ఫిజిక్స్‌కు పోయినాడు", "పోయినసారి కూడా ఇట్లే అయింది" అని లోపల మాటలు నడుస్తూనే ఉంటాయి. ఆ మాటలకు వేరే గది లేదు. 343ను వల్లెవేసుకునే టేపు మీదే అవీ తిరగాలి. వాటిని పక్కకు నెట్టే పని కూడా దృష్టిని నడిపించే ఆ పెద్ద భాగానిదే. అంటే భయపడటానికి కొంత జాగా పోతుంది, భయాన్ని ఆపడానికి ఇంకొంత పోతుంది.

మైఖేల్ ఐసెంక్, మాన్యుయెల్ కాల్వో 1992లో ఈ వాదనను ఒక సిద్ధాంతంగా పెట్టారు. వాళ్లు చెప్పిన దాంట్లో ఒక మెలిక ఉంది. ఆందోళన మొదట దెబ్బతీసేది ఫలితాన్ని కాదు, పని జరిగే తీరును. మనిషి ఎక్కువ కష్టపడి అదే ఫలితాన్ని రాబట్టుకోగలడు, కానీ సమయం ఎక్కువ పడుతుంది. తీరిగ్గా రాసే పరీక్షలో ఈ నష్టం కనబడదు. ప్రశ్నకు 67 సెకన్లున్న పరీక్షలో దాచుకోవడానికి చోటు లేదు.

2001లో మార్క్ యాష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్ లెక్కలంటే భయమున్న కాలేజీ విద్యార్థుల మీద దీన్ని నేరుగా పరీక్షించారు. కొన్ని అక్షరాలను గుర్తుపెట్టుకుంటూనే కూడికలు చేయమన్నారు. చేతికి ఒకటి తెచ్చుకోవాల్సిన కూడికల దగ్గర, గుర్తుపెట్టుకోవాల్సిన అక్షరాలు ఎక్కువైనప్పుడు, భయమున్నవాళ్ల తప్పులు బాగా పెరిగాయి.

లెక్కను ఎలా రాశారన్నది కూడా తేడా తెస్తుంది. అంకెలను అడ్డంగా రాసిన తీసివేతను మనసు ఎక్కువగా మాటల్లో చేస్తుంది, ఒకదాని కింద ఒకటి నిలువుగా రాస్తే బొమ్మలా చూస్తూ చేస్తుంది. ఆడవాళ్లు లెక్కల్లో వెనకబడతారన్న మాటను గుర్తుచేసి మరీ మహిళలకు పరీక్ష పెట్టిన 2007 నాటి ఒక ప్రయోగంలో అడ్డంగా రాసిన కష్టమైన లెక్కలే దెబ్బతిన్నాయి, నిలువువి నిలబడ్డాయి. అలా గుర్తుచేయడం వల్ల ఎంత నష్టమన్న దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. ఆ వాదం ఎలా తేలినా, భయం కూర్చునేది మాటల టేపు మీదే అన్న వివరణతో మాత్రం ఈ ఫలితం సరిపోతుంది.

రసాయనాల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. పలకను నడిపించే పనిలో నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది పెద్ద వాటా. యేల్ విశ్వవిద్యాలయంలో అమీ ఆర్న్‌స్టెన్ దశాబ్దాలుగా చేసిన పరిశోధన ప్రకారం, డోపమిన్, నారడ్రినలిన్ కాస్త ఉంటే ఈ భాగం చురుగ్గా పనిచేస్తుంది, ఒత్తిడిలో అవి పొంగిపొర్లితే చల్లబడిపోతుంది. అప్పుడు పగ్గాలు పాత అలవాట్ల చేతికి వెళ్తాయి. పామును చూసి వెనక్కి దూకడానికి ఆ ఏర్పాటు మంచిదే. ఘనాల మొత్తానికి పనికిరాదు.

## బాగా చదివేవాళ్లకే ఎక్కువ దెబ్బ

ఈ విషయంలో అందరూ తలకిందులుగా అర్థం చేసుకునేది ఇక్కడే. ఒత్తిడికి బలహీనులే పడిపోతారని సాధారణ నమ్మకం. 2005లో సియాన్ బైలాక్, థామస్ కార్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 93 మంది కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం దానికి ఎదురు తిరిగింది.

వాళ్లు ఇచ్చిన లెక్కలు ఇలా ఉంటాయి. 51 నుంచి 19 తీసేసి, వచ్చినదాన్ని 4తో భాగిస్తే శేషం మిగులుతుందా లేదా? 32 వస్తుంది, 4తో పూర్తిగా పోతుంది, కాబట్టి మిగలదు. చిన్న అంకెలైతే అలవాటుగా చెప్పేయొచ్చు. రెండంకెల తీసివేతలో అప్పు తెచ్చుకోవాల్సి వస్తే పలక వాడక తప్పదు. ముందు మామూలుగా చేయించారు. తర్వాత ఒత్తిడి పెట్టారు. బాగా చేస్తే డబ్బులిస్తామన్నారు. నీ జంట మనిషి ఇప్పటికే బాగా చేశాడు, ఇద్దరికీ డబ్బు రావడం ఇక నీ చేతిలోనే ఉందన్నారు. వీడియో తీస్తున్నామన్నారు. సొమ్ము, పక్కవాళ్ల బరువు, చూసే కళ్లు మూడూ ఒకేసారి. మన ఇంటర్ పిల్లల జీవితంలో ఈ మూడూ రెండేళ్ల పాటు ఉంటాయి.

పలక అందరికీ ఒకే సైజు కాదు. ఒత్తిడి లేనప్పుడు పెద్ద పలక, అంటే ఎక్కువ వర్కింగ్ మెమరీ ఉన్నవాళ్లు కష్టమైన లెక్కల్లో ముందున్నారు. ఒత్తిడి పెట్టగానే వాళ్లు చిన్న పలక ఉన్నవాళ్ల స్థాయికి జారిపోయారు. చిన్న పలకవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. తేలిక లెక్కల్లో ఎవరికీ ఏమీ కాలేదు.

రెండేళ్ల తర్వాత బైలాక్, మార్సీ డికారో కారణం వెతికారు. పెద్ద పలక ఉన్నవాళ్లు మామూలుగా మెట్టుమెట్టుగా, సరైన పద్ధతిలో లెక్క నడుపుతారు. దానికి జాగా కావాలి. ఒత్తిడిలో జాగా దొరక్క వాళ్లు ఉజ్జాయింపులకు, అడ్డదారులకు దిగారు. చిన్న పలకవాళ్లు మొదటి నుంచీ అడ్డదారుల్లోనే నడుస్తున్నారు కాబట్టి వాళ్లకు పోయేదేమీ లేకపోయింది. అడ్డదారే మంచి దారి అయ్యే రకం సమస్యలిచ్చినప్పుడు మాత్రం, ఒత్తిడిలో పెద్ద పలకవాళ్లు ఇంకా బాగా చేశారు. ఒత్తిడి ఎప్పుడూ చెరుపే చేస్తుందని అనలేం. పని ఎలాంటిదో చూడాలి.

దీన్ని ఎక్కడైనా వర్తించే సూత్రంగా తీసుకోవడం కూడా తొందరపాటే. 2014లో బ్రిటన్‌లో బడిపిల్లల మీద జరిగిన పరిశీలనలో వేరే చిత్రం కనిపించింది. అక్కడ ఆందోళన వల్ల చిన్న పలకవాళ్లు దెబ్బతిన్నారు, పెద్ద పలకవాళ్లకు అది కాస్త ఊతమే ఇచ్చింది. వయసు, లెక్క బరువు, భయం రకం మారితే దెబ్బ తగిలేవాళ్లు మారతారు. అయినా ఇంటి పెద్దలు పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. మాక్‌లో ముందుండే అమ్మాయి అసలు పరీక్షలో జారితే, ఆ మాక్ మార్కులు గాలివాటంగా వచ్చినవని అనుకోవడం అన్యాయం. అవీ నిజమైన మార్కులే.

## చేతి పనిలో కథ వేరు

అనంతపురం ఆర్డీటీ మైదానంలో వేల బంతులు వేసిన కుర్ర బౌలర్ సెలక్షన్ రోజు లైన్ తప్పితే, అది ఇదే జబ్బు కాదు. 1984లో రాయ్ బామైస్టర్, ఆ తర్వాత గోల్ఫ్ ఆట మీద బైలాక్, కార్ చూపించింది ఏమిటంటే, చేతికి అలవాటైపోయిన పనికి పలక అక్కర్లేదు. ఒత్తిడిలో మనిషి తన మణికట్టును, అడుగును పనిగట్టుకుని గమనించడం మొదలుపెడతాడు. సాఫీగా జరిగిపోయే పని ముక్కలు ముక్కలవుతుంది.

అంటే లెక్కలో దృష్టి చాలక తప్పు, ఆటలో దృష్టి ఎక్కువై తప్పు. "పట్టుదలగా దృష్టి పెట్టు" అనే ఒకే సలహా ఇద్దరికీ ఇస్తే ఒకరికి కీడే జరుగుతుంది.

## పందెం పెంచితే పని పెరుగుతుందా?

పెద్ద బహుమతి చూపితే మనిషి ఇంకా బాగా చేస్తాడన్నది అందరూ నమ్మే మాట. డాన్ ఏరియలీ, ఉరి నీజీ, జార్జ్ లోవెన్‌స్టైన్, నీనా మజార్ దీన్ని పరీక్షించడానికి తమిళనాడులోని మదురై ప్రాంతానికి వచ్చారు. అక్కడైతే తమ బడ్జెట్‌తోనే నిజంగా పెద్దదనిపించే పందెం కాయొచ్చు. 87 మందితో ఆరు ఆటలు ఆడించారు. వినిపించే అంకెల వరుసలో చివరి మూడు చెప్పడం లాంటి జ్ఞాపకశక్తి ఆటలు కొన్ని, చేతి నేర్పు ఆటలు కొన్ని. ఒక్కో ఆటలో బాగా ఆడితే ఒక గుంపుకు 4 రూపాయలు, ఇంకో గుంపుకు 40, మూడో గుంపుకు 400. ఆరు ఆటలూ గెలిస్తే మూడో గుంపువాళ్లకు 2400 రూపాయలు, అప్పట్లో అక్కడ ఒక మనిషికి ఐదారు నెలల ఖర్చు.

2009లో అచ్చయిన ఫలితం ప్రకారం 4 రూపాయలవాళ్లకూ 40 రూపాయలవాళ్లకూ పెద్ద తేడా లేదు. 400 రూపాయల గుంపు అందరికంటే వెనకబడింది. పందెం ఒక హద్దు దాటితే ఆలోచన పని మీద నుంచి పందెం మీదికి పోతుంది. ఉద్రేకం ఒక మోతాదు వరకు మేలు, అది దాటితే చేటు అని రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ 1908లోనే ఎలుకల మీద చూశారు. పని ఎంత కష్టమైతే ఆ మోతాదు అంత తక్కువ దగ్గరే దాటిపోతుంది.

మదురై ఫలితాన్ని ఇంటర్ హాస్టళ్లకు అన్వయించుకోవడం కష్టం కాదు. "ఈ ఒక్క పరీక్షే నీ జీవితం" అనే మాట ప్రోత్సాహంగానే మొదలవుతుంది. అయితే అది ప్రతి ప్రశ్న మీదా 400 రూపాయల చీటీ అంటించడమే.

ఇంటి పరిస్థితి కూడా ఇలాగే పలక మీదికి ఎక్కుతుంది. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత ఒకే రకమైన తర్కపు పరీక్షలు పెట్టారు. కోతకు ముందు చేతిలో డబ్బుండదు, అప్పులు, తాకట్లు ఎక్కువ. అదే రైతులు అప్పుడు తక్కువ చేశారు, డబ్బొచ్చాక మెరుగ్గా చేశారు. దీని మీద విమర్శలూ వచ్చాయి, ముఖ్యంగా గణాంకాలు లెక్కగట్టిన తీరు మీద. అయినా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, బుడ్డల (వేరుశనగ) పంట మీద బతికే అనంతపురం పల్లెలకు ఈ ప్రశ్న దగ్గరిది. కళ్యాణదుర్గం నుంచో ఉరవకొండ నుంచో తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చే పిల్లల పలక హాల్లోకి అడుగు పెట్టేటప్పటికే ఖాళీగా ఉంటుందని అనుకోలేం. ఫీజు, అప్పు, ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారన్న భయం అప్పటికే కొంత రాసి ఉంటాయి.

## ప్రొద్దుటూరు అవధానుల పలక

పలక నాలుగు సంగతులకే నిండిపోతుందంటే అవధానం ఎలా సాధ్యం? తెలుగువాళ్లు అడిగి తీరాల్సిన ప్రశ్న ఇది. అష్టావధానిని చుట్టుముట్టి ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు వర్ణన. నిషిద్ధాక్షరి ఇచ్చేవారు అక్షరం అక్షరానికీ అడ్డు పడతారు. మధ్యలో గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టాలి. వీటన్నిటి మీద అప్రస్తుత ప్రసంగి ఉంటాడు. సంబంధం లేని మాటలతో దృష్టి చెదరగొట్టడమే ఆయన పని. ఒక్కో పద్యంలో ఒక్కో పాదం చెప్పుకుంటూ ఆవృత్తులు తిరిగి, చివరికి అన్ని పద్యాలనూ మొదటి నుంచీ ధారణ చేయాలి, అంటే గుర్తుతెచ్చుకుని అప్పజెప్పాలి. సభ నిండా జనం. ప్రయోగశాలలో ఎవరూ ఇంతకన్నా గట్టి ఒత్తిడి పెట్టలేరు.

కడప జిల్లా ప్రొద్దుటూరు ఈ విద్యకు పేరున్న ఊరు. దుర్భాక రాజశేఖర శతావధాని, సి.వి. సుబ్బన్న శతావధాని అక్కడివారే. శతావధానమంటే పృచ్ఛకులు వంద మంది.

వాళ్ల పలక పెద్దదని అనుకోనక్కర్లేదు. 1980లో అండర్స్ ఎరిక్సన్ బృందం ప్రచురించిన ఒక ప్రయోగం దారి చూపిస్తుంది. మొదట ఏడంకెలే గుర్తుపెట్టుకోగలిగిన ఒక విద్యార్థి దాదాపు రెండేళ్ల సాధనతో 79 అంకెల దాకా చెప్పగలిగాడు. అతను పరుగు పందేల మనిషి. వినిపించిన అంకెలను పరుగు సమయాలుగా మార్చి, తనకు బాగా తెలిసిన ఆ లోకానికి తగిలించుకునేవాడు. అదే మనిషికి అంకెలకు బదులు అక్షరాలిస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. పలక పెరగలేదు. బీరువాలో కొక్కేలు పెరిగాయి. ఎరిక్సన్, వాల్టర్ కింట్ష్ 1995లో దీనికి దీర్ఘకాలిక వర్కింగ్ మెమరీ అని పేరు పెట్టారు.

అవధానికి ఛందస్సు అలాంటి కొక్కేల వరుస అనుకుంటే చిక్కు విడిపోతుంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, గణాలు ఎప్పుడూ ఒకే వరుస, పదో అక్షరం దగ్గర యతి, ప్రతి పాదం రెండో అక్షరానికి ప్రాస. బయటివాళ్లకు ఇవి కట్టుబాట్లు. అవధానికి ఇవి ఆనవాళ్లు. మొదటి పాదం గుర్తుంటే రెండో పాదంలో ప్రాసాక్షరం ఏదో వెతుక్కోనక్కర్లేదు. ఏళ్ల తరబడి పద్యాలు నోటికి పట్టి, ఆశువుగా అల్లి, చిన్న సభల్లో తడబడి సరిదిద్దుకున్న మనిషికి పద్యం నడక పలక మీద జాగా అడగదు. ఆ మిగిలిన జాగాలో సమస్యా, గంటా, అప్రస్తుత ప్రసంగీ పడతారు. అప్రస్తుత ప్రసంగి ఉండటమే ఈ విద్యలో గొప్ప తెలివి అనిపిస్తుంది. ఒత్తిడిని అసలు రోజుకు అట్టిపెట్టకుండా సాధనలోనే భాగం చేశారు.

## ఏది పనికొస్తుంది, ఏది రాదు

దీన్నిబట్టి మొదటి దారి కనబడుతుంది. మళ్లీ మళ్లీ చేసి జవాబు దానంతటదే వచ్చేలా తయారైన లెక్కలకు ఒత్తిడి తగలదు. 2004లో బైలాక్ బృందం అదే చూసింది. కష్టమైన లెక్కలే అయినా, చాలాసార్లు చేసినవి ఒత్తిడిలో నిలబడ్డాయి, కొత్తవి పడిపోయాయి. ఇరవై దాకా ఎక్కాలు, పది దాకా ఘనాలు, తరచూ వచ్చే సూత్రాలు నోటికి రావడం పాతకాలపు బట్టీ కాదు. 7 ఘనం కట్టాల్సిన అవసరం లేకుండా 343 వచ్చేస్తే, పలక మీద ఒక గడి మిగులుతుంది. అర్థం చేసుకోవడానికి బట్టీ బదులు కాలేదు. కానీ అర్థమైనదాన్ని వేగంగా వాడాలంటే కొంత నోటికి రావాల్సిందే.

రెండోది చదివే పద్ధతి. పుస్తకాన్ని నాలుగోసారి తిరగేయడం కంటే, మూసేసి గుర్తుతెచ్చుకోవడం మేలని ఎప్పటి నుంచో తెలుసు. 2016లో అమీ స్మిత్, అయానా థామస్ బృందం ఇంకో సంగతి కలిపింది. తిరిగి చదివినవాళ్లకు మరుసటి రోజు ఒత్తిడి పెడితే జ్ఞాపకం తగ్గింది. పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుంటూ నేర్చుకున్నవాళ్లకు తగ్గలేదు.

మూడోది మాక్ టెస్టు. మాక్‌ల సంఖ్య కంటే అవి అసలుకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది ముఖ్యం. తమ హాస్టల్లో, తమ బెంచీ మీద, తెలిసిన లెక్చరర్ ముందు రాసిన వంద మాక్‌లు ఒత్తిడికి అలవాటు చేయవు. వేరే కాలేజీ ల్యాబ్‌లో, తెలియని ముఖాల మధ్య, పరీక్ష వేళకే, పగటి ఎండలో ప్రయాణం చేసి వచ్చి రాసినవి నాలుగైనా వాటి పని వేరు. ర్యాంకుల జాబితా గోడకు అంటించి ఒత్తిడి పెంచడం దీని కిందికి రాదు. అది ప్రశ్న మీద కాకుండా పక్కవాడి మీద దృష్టి పెట్టడం నేర్పుతుంది.

భయాన్ని కాగితం మీద రాసేయడం గురించి కూడా చెప్పాలి. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ ఆందోళన గురించి రాసిన విద్యార్థులు మెరుగ్గా చేశారని 2011లో జెరార్డో రమీరెజ్, బైలాక్ ప్రకటించినప్పుడు దానికి చాలా ప్రచారం వచ్చింది. అయితే నేచర్, సైన్స్ పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను తిరిగి చేసి చూసిన ఒక బృందానికి ఆ ఫలితం దొరకలేదని 2018లో తేలింది. రాస్తే నష్టమేమీ లేదు. దాన్నే నమ్ముకోవడం మాత్రం సరికాదు. గుండె దడను "భయం" అనుకోకుండా "ఒళ్లు సిద్ధమవుతోంది" అనుకోవడం కొన్ని ప్రయోగాల్లో లెక్కల మార్కులకు మేలు చేసింది. ఖర్చు లేని పని కాబట్టి ప్రయత్నించొచ్చు. జ్ఞాపకశక్తి పెంచుతామని అమ్మే ఆటల యాప్‌ల సంగతి వేరు. ఆ ఆటలో నేర్పు పెరుగుతుంది, లెక్కల్లో పెరగదు.

హాల్లో కూర్చున్నాక చేయగలిగింది ఒకటే, చిన్నది. 343ను మనసులో కాకుండా రఫ్ పేపర్ మీద పెట్టడం, పక్కనే మైనస్ గుర్తు రాయడం. నాలుగు సెకన్లు పోతాయి. లెక్క బాగా వచ్చినవాళ్లకు ఇది నామోషీగా అనిపిస్తుంది, ఇంట్లో అవసరం పడదు కాబట్టి. అందుకే మాక్‌ల నాటి నుంచే చేతికి అలవాటు చేయాలి.

ఇంట్లోవాళ్ల వంతు కూడా ఉంది. సెంటరును ముందు రోజే చూసి రావడం, పొద్దున బస్సు, హాల్ టికెట్ బాధ్యత పెద్దవాళ్లే తీసుకోవడం లాంటివి పిల్లల పలక మీద నుంచి నేరుగా కొన్ని గీతలు తుడిచేస్తాయి. గేటు దగ్గర ఆఖరి నిమిషంలో "జాగ్రత్త, పోయినసారి మాదిరి చేయొద్దు" అన్న మాట ఇంకో గీత రాస్తుంది.

హాల్లో తడబాటు వేరు, నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, బతుకు మీదే విసుగు పుట్టడం వేరు. రెండోది పలకకు సంబంధించిన సంగతి కాదు, చిట్కాలతో ఆగేదీ కాదు. దానికి డాక్టరు కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.